పేరు లేని కోయాక్స్ కేబుళ్ళకు నాలుగు రంగుల రిమోట్‌లు: క్లైన్ కోయాక్స్ ఎక్స్‌ప్లోరర్ 2 సమీక్ష

అమెరికాలో ఒకరు ఉండి వెళ్ళిన ఇల్లు కొంటే, క్లోజెట్ గోడలోనో గరాజ్‌లోనో ఒక రేకు పెట్టె ఉంటుంది. మూత తీస్తే నల్లవీ తెల్లవీ కలిసి టీవీల కోసం వేసిన ఎనిమిదో పదో కోయాక్స్ కేబుళ్ళు చుట్ట చుట్టుకుని కనిపిస్తాయి. ఏది ఏ గదికి వెళ్తుందో ఒక్కదాని మీదా రాసి ఉండదు. టీవీలన్నీ వైఫై మీద నడుస్తున్నాయి కదా, వీటితో పనేముందని మూత మూసేసేవాళ్ళే ఎక్కువ. కానీ మేడ మీది గదికి వైఫై సరిగ్గా అందక ఆఫీసు కాల్స్ తెగిపోతున్న ఇంట్లో ఆ కేబుళ్ళే అక్కరకొస్తాయి. కోయాక్స్ మీదుగా ఇంటర్నెట్ పంపే మోకా 2.5 అడాప్టర్లు ఒక జత తెచ్చి రెండు కొసలకూ తగిలిస్తే, గోడలు పగలగొట్టకుండా, కొత్త వైరు లాగకుండా గిగాబిట్ దాటిన వేగం వస్తుంది. అయితే ఆ గది కేబుల్ పెట్టెలో ఏదో ముందు తెలియాలి.

దానికి రెండు రకాల పనిముట్లు దొరుకుతాయి. ఒకటి కూతపెట్టె. ఒక చివర టోన్ పంపిస్తుంది, రెండో చివర కర్రలాంటి ప్రోబ్‌తో వినాలి. రెండోది మ్యాపర్. గదుల్లో రంగురంగుల రిమోట్‌లు బిగించి, పెట్టె దగ్గర టెస్టర్‌తో ఒక్కో కేబులూ చూస్తే అది ఏ రంగుదో చెప్తుంది. క్లైన్ టూల్స్ కంపెనీ కోయాక్స్ ఎక్స్‌ప్లోరర్ 2 ఈ రెండో రకం. ఒక్క ఎర్ర రిమోట్‌తో వచ్చేది వీడీవీ512-100, నాలుగు రంగుల రిమోట్‌లతో వచ్చేది వీడీవీ512-101. కొంటే నాలుగున్నదే కొనండి. ఒక్క రిమోట్‌తో పది కేబుళ్ళున్న ఇంట్లో పని మొదలుపెడితే మెట్లెక్కి దిగడంతోనే పూట గడిచిపోతుంది.

కోయాక్స్ మటుకే తేల్చుకోవాల్సిన ఇంటికి కూతపెట్టె కన్నా ఇదే మేలు. ఎందుకో తెలియాలంటే కేబుల్ లోపలి సంగతి కొంచెం చూడాలి.

కోయాక్స్‌లో మధ్యన ఒక తీగ, దాని చుట్టూ తెల్లటి నురుగు ప్లాస్టిక్, ఆపైన రేకు, అల్లిక, అన్నిటికీ పైన తొడుగు ఉంటాయి. ఆ రేకూ అల్లికా ఉన్నదే లోపలి సిగ్నల్ బయటికి పోకుండా, బయటిది లోపలికి రాకుండా ఆపడానికి. మామూలుగా క్లిప్పుల్లో ఒకటి మధ్య తీగకీ, ఒకటి అల్లికకీ పెట్టి టోన్ పంపితే అల్లిక తన పని తాను చేస్తుంది. కూత లోపలే ఆగిపోతుంది. ప్రోబ్ తొడుగు మీద ఎంత రుద్దినా ఏమీ వినపడదు. చాలామంది ఇక్కడే పనిముట్టు పాడైందనుకుని వాపసు చేస్తారు. ఎర్ర క్లిప్పును అల్లికకు, నల్ల క్లిప్పును వేరే ఎర్త్‌కు పెడితే అల్లికే యాంటెనా అవుతుంది, అప్పుడు గోడ మీంచి కూడా వినపడుతుంది. కానీ పెట్టెలోని కేబుళ్ళన్నీ ఒకే స్ప్లిటర్‌కి (ఒక లైన్‌ను పలు కేబుళ్ళకు పంచే డబ్బాకి) బిగించి ఉంటే అన్ని అల్లికలూ ఒకటే. ఎనిమిది కేబుళ్ళూ ఒకేసారి కూస్తాయి. వాటిని విప్పి విడదీశాక కూడా, దగ్గరదగ్గరగా కట్టగా ఉంటే పక్క కేబుల్‌లోకి కూత కొంత పాకుతుంది. అన్నిటికంటే గట్టిగా ఏది కూస్తుందో చెవితో తేల్చుకోవాల్సి వస్తుంది.

మ్యాపర్‌కి ఆ తిప్పలు లేవు. ప్రతి రిమోట్ లోపల మధ్య తీగకూ అల్లికకూ నడుమ ఒక్కో రంగుకు ఒక్కో గుర్తు ఉంటుంది. టెస్టర్ చిన్న వోల్టేజీ పంపి ఆ గుర్తును చదువుతుంది. పక్క కేబుల్ ఆనుకుని ఉన్నా అది దీనికి అడ్డు రాదు. వచ్చే జవాబు అవును, లేదు అన్నంత ఖాయంగా ఉంటుంది.

పని మొదలుపెట్టేముందు పెట్టెను ఫోన్‌తో రెండు మూడు ఫొటోలు తీసుకోండి. మోడెమ్‌కి వెళ్ళే కేబుల్ ఏదో, బయటి నుంచి వచ్చే లైన్ ఏదో చూసి వాటికి టేపు కట్టండి. ఇంట్లో ఉన్న మోడెమ్, సెట్‌టాప్ బాక్స్, యాంప్లిఫైయర్ అన్నీ ప్లగ్గు పీకేయండి. డిష్ ఉన్న ఇంట్లో కోయాక్స్ మీదుగానే కరెంటు పోతుంది. డైరెక్‌టీవీ డిష్ వాళ్ళ, కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే పవర్ ఇన్సర్టర్ ఒక్కటి మర్చిపోయినా 29 వోల్టులు వరకు ఆ తీగ మీద నిలబడి ఉండొచ్చు. ఈ టెస్టర్ కరెంటు లేని కేబుళ్ళ కోసం చేసింది. అనుమానముంటే ముందు మల్టీమీటర్‌తో డీసీ, ఏసీ రెండూ చూడండి. రెండూ సున్నా ఉంటేనే తగిలించండి. బయటి నుంచి వచ్చే లైన్‌కి ఎర్త్ తీగ బిగించిన బ్లాకు ఉంటుంది, దాన్ని మాత్రం విప్పకండి. అది పిడుగుల కోసం పెట్టింది.

తర్వాత స్ప్లిటర్ నుంచి అన్ని కేబుళ్ళూ విప్పాలి. కేబుల్ కొసనుండే ఎఫ్ కనెక్టర్ నట్టుకు 7/16 అంగుళాల స్పానర్ పడుతుంది, అది లేకపోతే 11 మిల్లీమీటర్లది సరిపోతుంది. పట్టకారుతో తిప్పితే నట్టుతో పాటు కనెక్టరే తిరిగి, వెనక అల్లిక తెగుతుంది. ఒక చేత్తో కనెక్టర్ మెడను పట్టుకుని, నట్టును మాత్రమే తిప్పండి.

నాలుగు గదుల్లో నాలుగు రిమోట్‌లు పెట్టి, ఏ రంగు ఏ గదిలో ఉందో కాగితం మీద రాసుకోండి. మనసులో గుర్తుంటుందిలే అనుకుంటే రెండో విడతలో తప్పకుండా తారుమారవుతుంది. ఇక్కడ చిన్న ఇబ్బంది ఒకటి వస్తుంది. గోడ ప్లేటు మీది మూతి బయటికి మరలున్న ఆడ కనెక్టర్, గోడలోంచి ఊరికే వేలాడే కేబుల్ కొస మగ కనెక్టర్. ఒకే రిమోట్ రెండిటికీ నేరుగా పట్టదు. జేబులో ఎఫ్-81 బ్యారెల్‌లు (రెండు వైపులా ఆడ కనెక్టర్లున్న జాయింట్లు) నాలుగు, రెండు వైపులా మగ కనెక్టర్లున్న చిన్న జంపర్ ఒకటి ఉంచుకుంటే పని ఎక్కడా ఆగదు. పెట్టె దగ్గర అన్ని కేబుళ్ళనూ ఒక్కొక్కటిగా టెస్టర్‌కి పెట్టి చూడండి. రంగు పలికినవాటికి వెంటనే లేబుల్ అంటించి, రిమోట్‌లను తర్వాతి నాలుగు గదులకు మార్చండి. పది కేబుళ్ళకు మూడు విడతలు చాలు.

అసలు తెలివి వాడాల్సింది రంగు పలకని కేబుళ్ళ దగ్గర. టెస్టర్ ఓపెన్ అని చూపిస్తే కేబుల్ తెగిందని తీర్మానించకండి. తెగడం అరుదు. ఎక్కువసార్లు జరిగేది ఏమిటంటే, గోడ ప్లేటు వెనక కేబుల్ అసలు బిగించే ఉండదు. పెయింటర్ ప్లేటు తీసి, రంగు వేసి, వెనక కనెక్టర్ తగిలించకుండా మళ్ళీ బిగించేస్తాడు. ప్లేటుకున్న రెండు స్క్రూలు విప్పి వెనక చూడటం రెండు నిమిషాల పని. పెట్టె వైపు కొసను కూడా చూడండి. మధ్య తీగ కనెక్టర్ అంచు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. లోపలికి జరిగి ఉంటే తగలదు.

షార్ట్ అని చూపిస్తే రెండు కారణాలు వెతకాలి. మొదటిది, కనెక్టర్ బిగించినప్పుడు అల్లిక వెంట్రుక ఒకటి మధ్య తీగను తాకి ఉండటం. కొస కోసి, తెల్ల ప్లాస్టిక్ 6 మిల్లీమీటర్లు, ఆపైన రాగి 6 మిల్లీమీటర్లు కనపడేలా ఒలిచి, కొత్త కంప్రెషన్ కనెక్టర్ వేస్తే పోతుంది. రెండోది చాలామందికి తట్టదు: దారి మధ్యలో ఎక్కడో స్ప్లిటర్ ఉండటం. స్ప్లిటర్ లోపల ఉన్నది చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట. లోపల కెపాసిటర్ లేని స్ప్లిటర్ డీసీకి షార్ట్‌లా కనిపిస్తుంది, కెపాసిటర్ ఉన్నది ఓపెన్‌లా కనిపిస్తుంది. ఎలా ఉన్నా రిమోట్ రంగు మాత్రం దాటి రాదు. రెండు పక్కపక్క గదుల ప్లేట్లు రెండూ ఏ రంగూ పలకడం లేదు, పెట్టెలో ఒక కేబుల్ మిగిలింది అంటే, ఆ రెండు గదుల మధ్య గోడలోనో అటకలోనో ఒక స్ప్లిటర్ దాక్కుని ఉందనే లెక్క. మోకాకు అది పెద్ద అడ్డు కాదు, సిగ్నల్ దాటుతుంది. గుర్తు మాత్రం రాసిపెట్టుకోవాలి.

పెట్టెలో మిగిలిన కేబుల్ ఏమీ లేదు, గదిలో మాత్రం ప్లేటు ఉంది అనే ఇళ్ళూ ఉంటాయి. ఆ కేబుల్ పెట్టె దాకా రాలేదన్నమాట. ఇంటి బయట గోడకు కేబుల్ కంపెనీ పెట్టిన బూడిద రంగు డబ్బా చూడండి, చాలాసార్లు అందులోనే తేలుతుంది. రెండు కేబుళ్ళు తొడుగు దగ్గర అతుక్కుని జంటగా వస్తుంటే అవి పైకప్పు మీది డిష్ కోసం లాగినవి అయ్యే అవకాశం ఎక్కువ. పాత డిష్ పీకేసి ఉంటే ఆ కొసలు అటకలో ఊరికే పడి ఉంటాయి.

ఏ పనిముట్టూ కొనకముందు చేయాల్సింది ఒకటుంది. కేబుల్ తొడుగు మీది అచ్చు చదవండి. ఆర్‌జీ6 అనో ఆర్‌జీ59 అనో కేబుల్ రకం ఉంటుంది. చాలా కేబుళ్ళ మీద ప్రతి అడుగుకీ వరుస సంఖ్య కూడా ఉంటుంది. గదిలో ప్లేటు తీసి చూస్తే 0412, పెట్టెలో ఉన్న కేబుళ్ళలో ఒకదాని మీద 0467 అని కనిపిస్తే, ఆ రెండూ ఒకే కేబుల్ కావచ్చు, మధ్య దూరం 55 అడుగులు. గది నిజంగా అంత దూరంలో ఉందా అని చూసుకుంటే సగం కేబుళ్ళు టెస్టర్ లేకుండానే తేలిపోతాయి.

కెపాసిటెన్స్‌ను, అంటే రెండు తీగల నడుమ నిలిచే ఛార్జిని, నానోఫారడ్లలో (ఒక్కోటి వెయ్యి పికోఫారడ్లు) కొలిచే మల్టీమీటర్ ఉన్నవాళ్ళకు ఇంకో మంచి ఉపాయం ఉంది, ఈ టెస్టర్ చేయలేనిది. ఆర్‌జీ6కు మీటరుకు సుమారు 53 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. రెండో కొస దేనికీ తగలకుండా ఖాళీగా ఉన్న కేబుల్‌కు మధ్య తీగకీ అల్లికకీ నడుమ కొలిస్తే, 20 మీటర్ల కేబుల్ 1.06 నానోఫారడ్లు చూపిస్తుంది. ముందు ప్రోబ్ వైర్లు ఖాళీగా ఎంత చూపిస్తున్నాయో చూసి, అంత తీసేయాలి. ఎక్కడికీ పలకని కేబుల్ 0.2 నానోఫారడ్లే చూపిస్తే అది నాలుగు మీటర్లకే ఆగిపోయింది. పెట్టె పక్క గోడలోనో, నేరుగా పైన అటకలోనో కొస ఉంటుంది. ఇల్లంతా వెతకాల్సిన పని తప్పుతుంది.

అసలు మ్యాపర్ కొనకుండా పని కాదా అంటే, అవుతుంది. కరెంటును ఒక్కో మేర అడ్డుకునే చిన్న రెసిస్టర్లు చాలు. 100, 220, 470, 1000, 2200, 4700 ఓమ్‌లవి ఆరు తీసుకుని, ఒక్కో ఎఫ్ కనెక్టర్‌లో మధ్య పిన్నుకూ ఒంటికీ నడుమ అతికిస్తే ఆరు గదులకు ఆరు గుర్తులు. పెట్టె దగ్గర మల్టీమీటర్‌తో ఓమ్‌లు చదవాలి. 30 మీటర్ల ఆర్‌జీ6, లోపల ఉక్కు మీద రాగి పూత ఉన్న తీగైతే, రానూపోనూ నాలుగైదు ఓమ్‌లు తనవంతుగా కలుపుతుంది. కాబట్టి 100 ఓమ్‌ల గది 104 అని కనిపిస్తుంది, తికమకకు తావులేదు. 10 వేల ఓమ్‌లు దాటిన రెసిస్టర్లు వద్దు, ప్రోబ్‌లను వేళ్ళతో పట్టుకుంటే ఒంటి రెసిస్టెన్స్ కూడా కలిసి లెక్క తప్పుతుంది. రెసిస్టర్ కాలు కేబుల్ మధ్య తీగ కన్నా సన్నం, ప్లేటులో పట్టు వదులుగా ఉండొచ్చు. కాలును మడిచి జంట చేస్తే పట్టు కుదురుతుంది, కానీ బలవంతంగా తోయకండి, ప్లేటులోని స్ప్రింగు విచ్చుకుపోతే తర్వాత అసలు కేబుల్‌కే పట్టు ఉండదు. సోల్డరింగ్ వచ్చినవాళ్ళకు క్లైన్ కిట్ కన్నా ఇదే బాగా పనికొస్తుంది, ఒక విడతలో ఆరు గదులు తేలతాయి. రానివాళ్ళు కిట్ కొనుక్కోవడమే మంచిది.

ఆంధ్ర, తెలంగాణ అపార్ట్‌మెంట్లలో ఈ రెసిస్టర్ పద్ధతే ఎక్కువ ఉపయోగం. అక్కడ చిక్కు వేరు. టెర్రస్ మీద పది పదిహేను డిష్‌లు, వాటినుంచి డక్ట్‌లోకి దిగిన నల్ల కేబుళ్ళ గుత్తి, అందులో సగం ఎప్పుడో డీటీహెచ్ మార్చుకున్నవాళ్ళు వదిలేసినవి. మీ ఫ్లాట్ కేబుల్ ఏదో తెలియక పక్కవాళ్ళది పీకితే గొడవ. సెట్‌టాప్ బాక్స్ డిష్ మీది ఎల్‌ఎన్‌బీకి (సిగ్నల్ అందుకునే ముక్కకి) 13 లేదా 18 వోల్టులు పంపుతుంటుంది. బాక్స్ ఆన్‌లో ఉండగా పైన కొస విప్పి, మధ్య తీగ అల్లికకు తగిలితే బాక్స్‌లోని ట్యూనర్ సప్లై పోవచ్చు. అందుకే ముందు మీ బాక్స్ ప్లగ్గు పీకి, కేబుల్‌ని బాక్స్ నుంచి విప్పి, అక్కడ 1000 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి అప్పుడు పైకెళ్ళాలి. అలాగని టెర్రస్ మీద కనిపించిన ప్రతి కేబులూ విప్పి చూడకండి. దేనికీ తగిలించకుండా వేలాడే కొసలు ముందు చూడండి, తర్వాత మీ డిష్‌కి ఉన్నది.

రెండు పిన్నుల ప్లగ్గున్న బాక్స్‌లు, టీవీలు చాలావాటికి ఎర్త్ ఉండదు. అలాంటి వాటి కనెక్టర్ ఒంటి మీద 230 వోల్టుల్లో సగం దాకా వోల్టేజీ ఊగుతుంటుంది. ముట్టుకుంటే జిల్లుమంటుంది. కరెంటు చాలా తక్కువే, కానీ టెర్రస్ పిట్టగోడ దగ్గర నిలబడి ఉలిక్కిపడితే ఏమవుతుందో ఆలోచించండి. మీటర్ అంకెలు ఊగిసలాడుతుంటే కారణం ఎక్కువగా ఇదే, ఎవరి బాక్సో ఇంకా ఆన్‌లో ఉంది. స్తంభం మీంచి వచ్చే కేబుల్ టీవీ లైన్ జోలికి మాత్రం వెళ్ళకండి. యాంప్లిఫైయర్లకు కరెంటు ఆ కేబుల్ మీదుగానే పంపే లైన్లుంటాయి. సీసీ కెమెరా వాళ్ళ 3+1 కేబుల్ (మూడు వైర్లు, ఒక కోయాక్స్ కలిసినది) కూడా అదే డక్ట్‌లో దిగుతుంది. దాని కొసన బీఎన్‌సీ అనే, మరలు లేకుండా మెలిపెట్టి బిగించే కనెక్టర్ ఉంటుంది కాబట్టి చూడగానే పక్కన పెట్టేయొచ్చు.

లేబుళ్ళ దగ్గర పొదుపు చేయకండి. పెయింటర్ల టేపు, కాగితం స్టిక్కర్లు ఏడాది తిరక్కుండా అటక వేడికి రాలిపోతాయి. రాత మీద పారదర్శకపు తోక చుట్టుకునే కేబుల్ లేబుళ్ళు దొరుకుతాయి, వాటి మీద పర్మనెంట్ మార్కర్‌తో రాయండి. కనెక్టర్ నుంచి నాలుగు వేళ్ళ దూరంలో ఒకటి, అడుగు దూరంలో ఇంకొకటి అంటించండి. రేపెవరైనా కనెక్టర్ కోసి కొత్తది వేస్తే మొదటి లేబుల్ పోతుంది, రెండోది నిలుస్తుంది. గది వైపు కొసకు కూడా, ప్లేటు వెనక, అదే పేరు రాయాలి. పిల్లల గది అని కాకుండా మేడ మీద, ఈశాన్యం గది అని రాస్తే గదిలో ఎవరున్నా పేరు చెల్లుతుంది.

ఈ టెస్టర్ మీద పెట్టుకోకూడని ఆశ ఒకటుంది. రంగు పలికిందంటే తీగ ఈ కొస నుంచి ఆ కొసకు ఉందని మాత్రమే అర్థం. కేబుల్ బాగుందని కాదు. మేకు దిగి నొక్కుకుపోయినా, నీళ్ళు చేరినా, డీసీకి అవేమీ కనపడవు. 1000 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌జీ6 వంద అడుగులకు సుమారు 6.5 డెసిబెల్‌ల సిగ్నల్ తినేస్తుంది, ఆర్‌జీ59 ఇంకా ఎక్కువ తింటుంది. టెస్టర్‌కి రెండూ ఒకటే. మోకా నడిచేది 1125 నుంచి 1675 మెగాహెర్ట్జ్ మధ్య. అక్కడ కేబుల్ ఎలా ఉందో అడాప్టర్లు తగిలించి, వాటి సెట్టింగుల పేజీలో లింక్ వేగం చూస్తేనే తెలుస్తుంది. కూతపెట్టెకు కూడా చోటు లేకపోలేదు. ప్లాస్టర్ వెనక కప్పబడిపోయిన కొసను వెతకాలంటే మ్యాపర్ పనికిరాదు, రిమోట్ బిగించడానికి కొస దొరికితే కదా. అప్పుడు అల్లికకూ ఎర్త్‌కూ క్లిప్పులు పెట్టి గోడ మీద ప్రోబ్‌తో వినాల్సిందే. అంతటి అవసరం పది ఇళ్ళలో ఒకదానికి వస్తే ఎక్కువ, అద్దెకు తెచ్చుకోండి.

పేర్లన్నీ తేలాక ఎనిమిది దారుల స్ప్లిటర్‌ను తీసేయండి. అది ఒక్కో దారికి 11 డెసిబెల్‌లదాకా మింగుతుంది, రెండు దారులది 3.5 మాత్రమే. మోడెమ్‌కూ మేడ మీది గదికీ వెళ్ళే రెండు కేబుళ్ళనే 1675 మెగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుందని రాసి ఉన్న రెండు దారుల స్ప్లిటర్‌కి బిగించి, బయటి నుంచి వచ్చే లైన్‌కీ స్ప్లిటర్‌కీ మధ్య, మోకా సిగ్నల్ ఇంట్లోంచి బయటికి పోకుండా ఆపే మోకా ఫిల్టర్ పెట్టండి. మిగతా కేబుళ్ళు లేబుళ్ళతో పెట్టెలో పక్కన పడి ఉండొచ్చు.